కంకర గోతి మీద గడ్డి

ఆ కంకర గొయ్యి డోజర్ డ్రైవరుకి అత్తవారి సొత్తు. మెషీన్ మీద పనికొచ్చిన మొదటి ఏడే, గట్టున ఆవులు కాసుకుంటున్న పిల్లని చూసి మనసు పారేసుకున్నాడు. పెళ్ళయ్యాక కూడా పొద్దున లేచి వెళ్ళి వాళ్ళ భూమినే తవ్వేవాడు.

"కూతుర్ని ఇచ్చాను, నేలని ఇచ్చాను. అయినా ఇంకా తవ్వుతూనే ఉన్నాడు మా అల్లుడు," అని అత్తగారు దారిన పోయేవాళ్ళకి చెప్పి నవ్వేది.

చివరికి కంకర అయిపోయింది. ఒప్పందం ప్రకారం, కంకర తవ్వుకున్న కంపెనీవాళ్ళు గొయ్యి పూడ్చి, మునుపటిలా మేత భూమి చేసి అప్పగించాలి. ఆ పనీ అల్లుడి నెత్తినే పడింది.

"తవ్విన చేతులతోనే పూడ్చు నాయనా," అంది అత్తగారు. "నా ఆవులు ఎన్నాళ్ళని కొనుక్కొచ్చిన ఎండుగడ్డి నములుతాయి?"

అతను ప్రాణం పెట్టి చేశాడు. లారీల మట్టితో గొయ్యి నింపాడు. తవ్వకం మొదలుపెట్టినప్పుడు పక్కన గుట్టపోసి ఉంచిన పైమట్టిని తెచ్చి మీద పరిచాడు. డోజర్ని అటూ ఇటూ తిప్పి తిప్పి, ఎక్కడా చిన్న మిట్ట కూడా లేకుండా చదును చేశాడు. ముచ్చట తీరక భార్యని పిలిచి చూపించాడు.

"క్యారమ్ బోర్డులా ఉంది. పౌడరు చల్లడమే తరువాయి," అందామె.

పౌడరు బదులు గడ్డి విత్తనం చల్లారు. వానలు పడ్డాయి. పడ్డ నీళ్ళు పడ్డట్టే నిలిచిపోయాయి. విత్తనమంతా నాని కుళ్ళిపోయింది. గట్టు వార నాలుగు పోచలు మొలిచి, అవీ పసుపుపచ్చగా వేలాడాయి.

ఆ పూట అతనికి ముద్ద దిగలేదు. అత్తగారు ఎదురుగానే కూర్చుంది కానీ గొయ్యి ఊసే ఎత్తలేదు. "తిను. నేల ఎక్కడికీ పారిపోదు," అని మాత్రం అంది.

"ఆవిడ తిట్టినా బాగుండేది," అన్నాడు భార్యతో, గదిలోకి వెళ్ళాక.

"తిట్టమని చెప్పనా?"

"వద్దులే."

నీళ్ళు ఎండాక గునపం పట్టుకుని ఒక్కడే వెళ్ళాడు. జానెడు లోతు దిగిందో లేదో గునపం ఖంగుమని ఎగిరింది. ఇంకోచోట పొడిచాడు. అక్కడా అంతే. తన మెషీన్ బరువే నేలని అణగదొక్కేసిందని అప్పుడు అర్థమైంది. తిన్నగా పశువుల పాకకి వెళ్ళి అత్తగారి ముందు నిలబడ్డాడు.

"అందంగా ఉండాలని తొక్కి తొక్కి నేనే రాయి చేశాను అత్తయ్యా. మళ్ళీ అంతా చీల్చాలి. చూడ్డానికి మాత్రం అసహ్యంగా ఉంటుంది."

"ఉండనీ. నా ఆవులేమన్నా అక్కడ ఫొటోలు దిగుతాయా?"

సూపర్‌వైజర్ని బతిమాలి మెషీన్ ఇంకో వారం ఉంచుకున్నాడు. డోజర్ వెనకున్న ఉక్కు కొక్కేలు లోతుకి దింపి నేలనంతా చీల్చాడు. నీరు జారేలా ఒక పక్కకి వాలు పెట్టాడు. పెద్ద పెద్ద గడ్డలు లేచాయి. సరిచేద్దామని చేతులు దురద పెట్టినా మళ్ళీ దానిమీద మెషీన్ తిప్పలేదు.

అత్తగారు గడ్డివాము అడుగున రాలిన గింజలన్నీ ఊడ్చి, ఎండిన పేడపొడిలో కలిపి తట్టలకెత్తింది. ముగ్గురూ చేత్తో చల్లారు.

"విత్తనం చల్లుతున్నావా, ఎవరినైనా కొడుతున్నావా?" అంది అత్తగారు, అతని విసురు చూసి. "మెల్లిగా, నాయనా."

మరుసటి ఏడు వానలకి నీళ్ళు చక్కగా ఇంకాయి. గడ్డి మొదట పిల్ల జుట్టులా పల్చగా వచ్చి, చూస్తుండగానే పిక్కలదాకా ఎదిగింది. వేళ్ళు బాగా పట్టేదాకా అత్తగారు ఆవుల్ని దగ్గరికి రానివ్వలేదు.

తోలుకెళ్ళిన రోజున ఆవులన్నీ ఒక్కచోట ఠక్కున ఆగిపోయాయి, అడ్డంగా తాడు కట్టినట్టు. మూతులకి రెండడుగుల దూరంలో పచ్చగడ్డి ఊగుతోంది. డ్రైవరు పెద్దావుని వెనకనుంచి నెట్టాడు. అది కదల్లేదు. కొమ్ములు పట్టి లాగాడు. జాలిగా చూసింది తప్ప అడుగు వెయ్యలేదు.

"గొయ్యి అంచు ఇదే కదా," అంది అత్తగారు. "పడిపోతాయని ఇన్నేళ్ళూ ఇక్కడికి రాగానే కొట్టి వెనక్కి తోలాను. పాపం, అవి మర్చిపోలేదు. ఉండు, నేను ముందు నడుస్తాను."

నడవబోయింది. ఆవిడ కాలు కూడా అక్కడే ఆగిపోయింది. కింద గట్టి నేల ఉందని తెలుసు, గింజలు చల్లింది తనే. అయినా ఒళ్ళు ఒప్పుకోలేదు. సిగ్గుపడి నవ్వింది.

"చెయ్యి ఇలా ఇయ్యి నాయనా."

ఒకరి సాయంతో అడుగేసిన మనిషి కాదావిడ. అతను చెయ్యి చాపాడు. మోచేయి దగ్గర గట్టిగా పట్టుకుని ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది.

"వదిలెయ్యకు."

"వదలను అత్తయ్యా. నేను నింపిన మట్టే, కుంగదు."

మధ్యదాకా వెళ్ళి వెనక్కి తిరిగి నాలికతో టకటకమని పిలిచింది. పెద్దావు నేల వాసన చూసి, ముందరి కాలు పెట్టి, కాసేపు ఆలోచించుకుని, వచ్చేసింది. దాని వెనక మిగతావి ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగాయి.

ఆ సాయంత్రం పాలు రోజూకన్నా తక్కువే ఇచ్చాయి. కొత్త చోటు, తిరగడంతోనే సరిపోయిందంది అత్తగారు. తన వాటా తగ్గించుకుని, అల్లుడి గ్లాసు మాత్రం అంచుదాకా నింపింది.