ఒంటిరంగు క్రేయాన్

రేడియోలో బొమ్మలు నేర్పడమేమిటని ఎవరైనా నవ్వితే బొమ్మల మావయ్యకు ఒళ్లు మండిపోయేది. చూసి గీయడం ఎవరైనా చేస్తారు, విని గీయాలంటే బుర్ర ఉండాలి అనేవాడు. ఆదివారం పొద్దున మైకు ముందు కూర్చుని, ఒక పెద్ద సున్నా చుట్టండి, దాని కింద ఇంకో చిన్న సున్నా చుట్టండి అని ఆయన మొదలుపెడితే చాలు, ఊళ్లో సగం ఇళ్లలో పిల్లలు నేలమీద బోర్లా పడుకుని సున్నాలు చుట్టేవారు. చివరికది ఏనుగైందో, ఎవరింటి నాయనమ్మైందో రేడియోకి ఎలాగూ కనిపించదు. అందుకే ఇన్నేళ్లుగా ఆ కార్యక్రమానికి వంక పెట్టిన పాపాన ఎవరూ పోలేదు.

మావయ్య గొంతంటే పిల్లలకు ప్రాణం. ఆ గొంతును బట్టి ఆయన బొమ్మలు వేసి పంపేవారు. స్టేషన్ నడవా గోడల నిండా అవే. ఒకదాంట్లో కోరమీసం, ఒకదాంట్లో కళ్లజోడు, ఇంకోదాంట్లో ఎందుకో కిరీటం. ఒక్క విషయంలో మాత్రం పిల్లలంతా ఒకే మాట మీదున్నారు. అన్నిట్లోనూ మావయ్య ఎర్రగా బుర్రగా ఉన్నాడు. ఉండక ఏం చేస్తాడు? మొహం దగ్గరికి రాగానే డబ్బాలోంచి ఒంటిరంగు తీయండి అని చెప్పేది ఆయనే కదా. కార్యక్రమానికి ప్రకటనలిచ్చే కంపెనీ అమ్మే డబ్బాలో ఆ పేరుతోనే ఒక క్రేయాన్ ఉంది. పాలలో రవ్వంత గులాబిరంగు కలిపినట్టుంటుంది.

ఇక అసలు మావయ్య సంగతి. ఆయన నలుపు. చుట్టాలు మొహమాటానికి చామనచాయ అంటారు గానీ, ఆయన ఎదురుపడితే చామనచాయ కూడా పక్కకు తప్పుకుని దారిస్తుంది. వయసులో ఉన్నప్పుడు టీవీలో వార్తలు చదవడానికి వెళ్లాడు. అక్కడి పెద్దమనిషి పరీక్ష పెట్టి, గొంతు బంగారమండీ, మా లైట్లే మీకు చాలడం లేదు అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మావయ్యే నవ్వి, మర్నాడు రేడియో గుమ్మం ఎక్కాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా మొహానికి దట్టంగా పౌడరు పట్టించనిదే స్టూడియోకి బయల్దేరి ఎరగడు. రేడియోకి పౌడరెందుకని అడిగీ అడిగీ భార్య విసిగిపోయి మానేసింది.

అంతా సజావుగా సాగుతుండగా ఒక ఆదివారం, కార్యక్రమం మధ్యలో, ఒక తల్లి ఫోన్ చేసింది.

"మీరు చెప్పారని మా అమ్మాయి ఒంటిరంగు తీసి చేతిమీద గీసుకుని చూసుకుందండీ. కలవలేదు. నా ఒంటికి ఒంటిరంగు లేదా అమ్మా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"

ఆవిడ కోపంగా అడగలేదు. ఏం చెప్పాలో నిజంగానే తెలియక అడిగింది. మావయ్య కాసేపు నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ రేడియోవాడికి నిశ్శబ్దమంటే చావుభయం. నోటికొచ్చిన జోకు వేసేశాడు.

"ఎండలో ఆడుకోవడం కాస్త తగ్గించమనండమ్మా. ఒంటిరంగు అదే తిరిగొస్తుంది."

తన జోకుకి తనే పకపకా నవ్వి పాట వేశాడు. పాట పూర్తయ్యేలోపే స్టేషన్లో ఫోన్లన్నీ మోగడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి ఆ మాట ఊరంతా చక్కర్లు కొట్టింది. తెల్లతోలు పొగరని ఒకరు, నీడపట్టున పెరిగిన పాలబుగ్గలవాడికి మా కష్టమేం తెలుసని ఇంకొకరు ఫోన్లలో రాసి తిట్టిపోశారు. మావయ్య వరసపెట్టి అన్నీ చదివాడు. ఎంత చదివినా అవి ఎవరికో పడాల్సిన తిట్లలాగే తోచాయి.

"వీళ్లు తిడుతున్న ఆ ఎర్రటాయన ఎవరే?" అని భార్యనడిగాడు.

"మీ ఆఫీసు గోడమీద ఉన్నాడుగా" అంది ఆవిడ.

మర్నాడు స్టేషన్ డైరెక్టరమ్మ పిలిపించింది. ఆవిడ కేకలేసే మనిషి కాదు, అందుకే అందరికీ హడల్. వచ్చే ఆదివారం క్షమాపణ చెప్పాలంది. ఉత్త గొంతుతో చెబితే జనం నమ్మేలా లేరు, స్టూడియోలో కొత్తగా కెమెరా బిగించాం, దానిముందు కూర్చుని చెప్పండి, ఫోన్లలో అందరూ చూస్తారు అంది. కాదంటే కార్యక్రమం ఆపేయడమే అంది. క్షమాపణంటే మావయ్యకు బెంగ లేదు. ఆయన బెంగంతా కెమెరా గురించే.

ఆ మధ్యాహ్నమే క్రేయాన్ల కంపెనీ మనిషి డబ్బా పట్టుకుని ఊడిపడ్డాడు. గొడవ సద్దుమణగాలంటే ముందు ఆ క్రేయాన్ పేరు మార్చాలన్నాడు. మానవవర్ణం అని పెడదామన్నాడు. మిగతా రంగులవాళ్లు మానవులు కారా అని డైరెక్టరమ్మ అడిగింది. పోనీ, సహజం అన్నాడు. ఎవరికి సహజమని ఆవిడ మళ్లీ అడిగింది. ఎక్కువమందికి అని అతను నీళ్లు నమిలాడు. ఆ మాటతో ముగ్గురూ బల్లమీదున్న తమ చేతుల వంక చూసుకున్నారు. ముగ్గురిలో కంపెనీ మనిషి చెయ్యే అన్నిటికంటే నలుపు. చేతులు ఒక్కొక్కటిగా బల్ల కిందికి దిగిపోయాయి. పేరు సంగతి మరోసారి చూద్దామని అతను టీ కూడా తాగకుండా లేచాడు.

క్షమాపణ కాగితం స్టేషన్ లాయరు రాసిచ్చాడు. మావయ్య ఇంట్లో దాన్ని పైకి చదువుతూ వల్లెవేస్తుంటే, భార్య దుప్పట్లు మడతపెడుతూ వింది.

"ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే అని రాయడమేంటండీ? నొచ్చుకుందని ఊరు ఊరంతా చెబుతుంటే ఇంకా అనుమానమా?"

మావయ్యకు ఉక్రోషం వచ్చింది. నేనే ఇంత నల్లగా ఉంటే నలుపును నేనెలా చిన్నచూపు చూస్తానన్నాడు. భార్య దుప్పటి పక్కనపెట్టి, తాపీగా ఆయన వంక చూసింది.

"మరి రోజూ పొద్దున అద్దం ముందు చేసే పనేంటి?"

మావయ్య లేచి బాల్కనీలోకి వెళ్లి కూర్చున్నాడు. అక్కడ, అడక్కుండానే, మేనత్త గుర్తొచ్చింది. ఎండలో తిరక్కురా, ఉన్నదానికే దిక్కులేదు, ఇంకా మాడిపోతావు అనేది ఆవిడ. ఆ మాట పట్టుకుని చిన్నప్పుడు ఒక వేసవి సెలవులంతా ఇంట్లోంచి కదల్లేదు. కిటికీ ఊచలు పట్టుకుని, బయట ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తూ కూర్చున్నాడు. సెలవులయ్యాక అద్దంలో చూసుకుంటే పిసరంత తేడా లేదు. ఆ మేనత్త మాటనే, ఏరికోరి దాచుకున్న ఆస్తిలా, తీసుకెళ్లి ఒక చిన్నపిల్లకు అప్పగించాడు. పైగా నవ్వాడు. మావయ్యకు పట్టరాని సిగ్గేసింది.

సిగ్గు సిగ్గే, అలవాటు అలవాటే. ఆదివారం ఎప్పటిలాగే పౌడరు పట్టించుకుని బయల్దేరాడు. కెమెరా ఉంది కదా అని ఇంకో పొర కూడా వేశాడు. స్టూడియోలో లైట్లు వెలిగాయి. ఎదురుగా చిన్న తెరమీద మొహం కనిపించింది. అది మొహంలా లేదు, సున్నం వేస్తూ మధ్యలో వదిలేసిన గోడలా ఉంది. మావయ్య కాగితం తీసి, ఎవరి మనసైనా అని మొదలుపెట్టి, తెరమీది గోడ పెదాలు కదపడం చూసి ఆగిపోయాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదే జేబులోంచి రుమాలు తీసి, ఊరంతా చూస్తుండగా, నుదుటినుంచి గడ్డందాకా తుడిచేశాడు. రుమాలు తెల్లబడింది. స్టూడియో గాజు అద్దం అవతల డైరెక్టరమ్మ తల పట్టుకుంది.

ఈవేళ నా బొమ్మే వేద్దాం, చూసి వేయండి అన్నాడు పిల్లలతో. తల కోడిగుడ్డులా చుట్టించాడు. ముక్కు ఉన్నంత లావుగా వేయమన్నాడు. రంగు దగ్గరికొచ్చేసరికి ఏళ్ల అలవాటు కదా, నోరు దాని దారిన అది, ఇప్పుడు ఒంటిరంగు తీయండి అనేసింది. మావయ్య నాలుక్కరుచుకున్నాడు. చేతిలోకి వచ్చేసిన ఆ క్రేయాన్‌ను చెంపకు ఆనించి కెమెరాకు చూపించాడు. అది ఆయన మొహంమీద సుద్దముక్కలా తేలింది.

"ఇది నాది కాదు" అన్నాడు. తర్వాత గోధుమరంగు రుద్ది, దానిమీద నలుపు, ఆపైన కాస్త ఎరుపు కలిపాడు. "పోయిన వారం ఒక పాప సరైన ప్రశ్నే అడిగింది. నేను వెకిలి జోకు వేశాను. తప్పు ఎండది కాదమ్మా, నాది. నన్ను క్షమించు."

ఇంతలో ఫోన్ మోగింది. చాలా చిన్న గొంతు.

"మావయ్యా, మీరు కూడా ఎండలో ఆడుకున్నారా?"

అద్దం అవతల ఎవరో కిసుక్కుమన్నారు. మావయ్య నవ్వలేదు.

"లేదమ్మా. నేను పుట్టడమే ఈ రంగులో పుట్టాను."

"నేనూ అంతే" అంది పిల్ల. "అయితే నేనింక బయటికెళ్లి ఆడుకోవచ్చా? వారం నుంచీ ఇంట్లోనే ఉన్నాను."

మావయ్య క్రేయాన్ పక్కన పెట్టి, "వెళ్లమ్మా, ఇప్పుడే వెళ్లు, బొమ్మ తర్వాత వేద్దువుగాని" అన్నాడు.

పిల్ల ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయి పరుగెత్తింది. తలుపు ధడేలుమంది. ఆ తర్వాత రేడియోలో ఎవరిదో ఖాళీ గది చప్పుడూ, దూరంగా పిల్లల అరుపులూ వినిపించాయి. పాట వేయమని డైరెక్టరమ్మ అద్దం అవతలినుంచి చెయ్యి ఊపుతూనే ఉంది. మావయ్య వేయలేదు.