చూపుకి అరిగిన గాడిద

పొద్దున్నే అక్క ఇంటి వెనక షెడ్డు తలుపు తీసి, గాడిద ఎటువైపు నిలబడిందో చేత్తో తడుముకుని, నీళ్ల బకెట్టు దాని మూతి కింద పెట్టేది. ముందుకాళ్లు అప్పటికే కనిపించడం మానేశాయి. పొట్టలోంచి చూస్తే వెనక గోడ, గోడకి ఆనించిన చీపురు కనబడేవి. చూసేకొద్దీ గాడిద అరిగిపోతోంది, సబ్బుబిళ్ల అరిగినట్టు. దాన్ని ప్రదర్శనకి పెట్టిన గ్యాలరీ మేనేజరు అది గమనించి, లైట్లు కాస్త తగ్గించమని చెప్పి తన పనిలో తాను పడ్డాడు.

ఆ ప్రదర్శన పెట్టిన కళాకారిణి అక్కకి చెల్లెలే. ఇటుక బట్టీలో చాకిరీ చేస్తున్న గాడిదని కొనితెచ్చింది ఆవిడే. బట్టీలో దాని మొహం చూసినవాడు లేడు, అందుకే అక్కడున్నన్నాళ్లూ నిండుగా ఉండేది. "ఇకనైనా దీన్ని జనం కళ్లారా చూడాలి" అని ముచ్చటపడి, తెల్లటి హాల్లో దానికెదురుగా కుర్చీ వేసుకుని, పొద్దస్తమానం దాని కళ్లలోకి చూస్తూ కూర్చునేది. అదే ప్రదర్శన. చుట్టూ నిలబడ్డవాళ్లు కళ్లనీళ్లతో ముక్కు చీదుకునేవారు. చెల్లెలికి బోలెడంత పేరొచ్చింది. పాపం, ఆ పేరు గాడిద ఏం చేసుకుంటుంది?

"ఇక ఆపెయ్యవే," అంది అక్క గడ్డి వేస్తూ. "ఇంకొన్నాళ్లు పోతే దీని గొంతు తప్ప ఏమీ మిగలదు."

"జనాన్ని దూరంగానే నిలబెడుతున్నాను కదక్కా!"

"జనం వస్తారు, కాసేపు చూసి పోతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుడ్లప్పగించి చూసేదెవరు?"

చెల్లెలికి అప్పుడు గుర్తొచ్చింది. ముందుగా మాయమైనవి దాని కనురెప్పలు. తను అదేపనిగా చూసింది వాటినే. బట్టీవాడు కొట్టాడు గానీ దీన్ని ఇలా అరగదీయలేదు. 'ప్రేమ ప్రేమ అంటూ నేనే తినేశాను' అనుకుని సిగ్గుతో చచ్చిపోయింది.

ఆఖరి ప్రదర్శన రోజున కుర్చీని గోడవైపు తిప్పి, గాడిదకి వీపు పెట్టి కూర్చుంది. వచ్చినవాళ్లని కూడా అటే తిరగమంది.

"మరి జనం ఏం చూస్తారండీ?" అన్నాడు మేనేజరు.

"ఏమీ చూడరు."

సణుక్కుంటూనే అందరూ గోడలవైపు తిరిగారు. కాసేపు గడ్డి నమిలిన చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. ఉందా, పోయిందా? తిరిగి చూడాలని చెల్లెలి మెడ లాగేస్తోంది. మిగిలింది ఏ కాస్తో అయితే, ఈ ఒక్క చూపుతో అదీ చెల్లిపోతుంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

అప్పుడు భుజం మీద ఒక గడ్డం ఆనింది. వెచ్చగా, కుర్చీ కిర్రుమనేంత బరువుగా. చెల్లెలు వెక్కి వెక్కి ఏడ్చింది. తల మాత్రం తిప్పలేదు.

తాడు పట్టుకుని ముందు నడుస్తూ ఇంటికి తీసుకొచ్చింది. "అబ్బ, ఎంత నిండుగా ఉందే!" అంది అక్క గుమ్మంలోంచి, ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంటూ.

గాడిద ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. రోజూ దాన్ని కడిగిందీ, దువ్విందీ చెల్లెలే, కళ్లకి తువ్వాలు కట్టుకుని. దాని మూతి దగ్గర వెంట్రుకలు నెరిశాయని మాత్రం అక్క చెబితేనే తెలిసింది.