ఇల్లు పేదగా లేదు

"ఇల్లు పేదగా లేదండీ," అన్నాడు సెట్లు వేసే మేస్త్రి, గుమ్మంలో నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుని.

ఆమె అప్పుడు నేల తుడుస్తోంది. సినిమావాళ్లు వస్తున్నారని తెల్లవారకముందే లేచింది. గిన్నెలు తోమి బోర్లించింది, మంచం మీద దుప్పటిని ముడత లేకుండా పరిచింది, కిటికీ ఊచలను ఒక్కొక్కటిగా తడిగుడ్డతో తుడిచింది. అన్నీ అయ్యాక నేలకు వచ్చింది. మేస్త్రి మాటను మెప్పు అనుకుని ఒక్క క్షణం సంతోషించింది కూడా. అది ఫిర్యాదని అర్థం కావడానికి ఆ క్షణం పట్టింది.

అతని వెనకే డైరెక్టరు వచ్చాడు. ముప్పై దాటని మనిషి, మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచాడు.

"అమ్మా, మీరేమీ అనుకోకండి. మా సినిమాలో అంతా సహజంగా ఉండాలి. అందుకే సెట్టు వేయకుండా మీ ఇంటికొచ్చాం. కాకపోతే ఇల్లు కొంచెం... సర్దేశారు మీరు."

"రోజూ ఇలాగే ఉంటుంది బాబూ."

"ఉంటుందనుకోండి. చూసేవాళ్లు నమ్మరు."

మధ్యాహ్నానికల్లా నమ్మేలా చేశారు. గోడలకు మసి, నూనె కలిపి పూశారు. వాటి మీద టీ నీళ్లు చిమ్మి, ఏళ్ల తరబడి కారిన చారలు తెప్పించారు. ఆమె పరిచిన దుప్పటిని తీసి గరుకు కాగితంతో రుద్ది, చిల్లులు పొడిచి, అదే మంచం మీద కుప్పగా పడేశారు. బూజును కూడా డబ్బాలో తెచ్చుకున్నారు. గొట్టంలోంచి గాలి కొడితే జిగురు దారాలు దారాలుగా వచ్చి మూలల్లో వేలాడింది. పద్దెనిమిదేళ్లుగా ఆమె గడప దాటనివ్వనిదాన్నంతా నలుగురు మగవాళ్లు రెండు గంటల్లో తెచ్చి ఆమె ఇంట్లో పెట్టి, వెనక్కి జరిగి నిలబడి, బాగుందని తలలూపుకున్నారు.

"ఏమే, అలా చూస్తూ నిలబడతావేం? వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు," అన్నాడు భర్త. "వెళ్లి టీ పెట్టు. ముప్పై మందికి."

టీ పెట్టింది. ఆస్పత్రి లాండ్రీలో ఆమె పని. రోగుల దుప్పట్లు సోడా నీళ్లలో ఉడికించి, పిండి, ఆరేసి మడతపెట్టే పని. షూటింగు కోసం భర్త ఆమె చేత ఎనిమిది రోజులు సెలవు పెట్టించాడు. జీతంలేని సెలవు. పొయ్యి ముందు నిలబడి ఆమె ఆలోచించింది. లేమి ఉన్న ఇంట్లో మొదటి పని, లేమిని దాచడం. చిరిగిన చోటు మడత లోపలికి పోయేలా దుప్పటి పరచాలి. ఒక్క మంచి గ్లాసు ఉంటే అది వచ్చినవాళ్ల చేతికే వెళ్లాలి. పిల్ల గౌను పొట్టయితే కింద మరో రంగు గుడ్డ అంచులా కుట్టి, అది ముచ్చటపడి కుట్టించినట్టు కనిపించాలి. పొరుగింటావిడ వంటయిందా అని అడిగితే, ఎప్పుడో అయిందండీ అని నవ్వాలి. ఇదంతా ఎవరో ఒకరు చేయాలి. ప్రతి ఇంట్లోనూ అది ఒక ఆడమనిషే చేస్తుంది. ఆ పని సరిగా చేస్తే చేసినట్టే కనబడదు. కనబడదు కాబట్టి కెమెరాకు అందదు. కెమెరాకు అందలేదు కాబట్టి, ఈ కుర్రాడి లెక్కలో ఆ పని లేనే లేదు. ఉన్నదల్లా మసి.

కథ ఆమె భర్తది. అంటే, అతను చెప్పినది. పదేళ్ల కిందట అతను లేత్ మిషన్ మీద పనిచేసే వర్క్‌షాపు మూతపడింది. ఆ తర్వాత ఏడాదికి పైగా అతను ఇంట్లోనే కూర్చున్నాడు. తర్వాత నెలకు నాలుగు రోజులు పని, మిగిలిన రోజులు వీధి చివరి టీకొట్టు. అతనికి మాట బాగా వచ్చు. అసలైన పేద ఇల్లు కోసం వీధులు తిరుగుతున్న డైరెక్టరు ఆ టీకొట్టు దగ్గర అతని మాటలు విని ఆగిపోయాడట. "ఇది సినిమా అన్నా!" అన్నాడట. నాలుగు సాయంత్రాలు ఇంట్లో కూర్చుని భర్త చెప్పుకుపోయాడు, డైరెక్టరు ఫోనులో రికార్డు చేసుకున్నాడు. ఆ నాలుగు సాయంత్రాలూ ఆమె పక్కగదిలో బట్టలు మడతపెడుతూనే ఉంది. ఒక్కసారి తలుపు తట్టి, మీరేమంటారమ్మా అని అడగడానికి సహజత్వం కోరిన ఆ మనిషికి తోచలేదు.

షూటింగు మొదలయ్యాక రోజూ వాన. ఆకాశం నిర్మలంగా ఉండేది. వీధిలో ట్యాంకరు నిలబెట్టి, గొట్టాలతో రేకుల మీదికి చిమ్మేవారు. సినిమాల్లో పేదవాళ్ల ఇళ్ల మీద ఎందుకు ఎప్పుడూ వాన పడుతుందో ఆమెకు అంతుబట్టలేదు. ఆమె ఎరిగిన కష్టమంతా మిట్టమధ్యాహ్నం ఎండలో, క్యూలో నిలబడి, తలనొప్పితో గడిచింది. దానికి సంగీతం లేదు. విసుగు ఉంది.

సినిమాలో ఆమె పాత్ర వేసే అమ్మాయి మంచిదే. విరామంలో వంటింటి గడప మీద కూర్చుని అడిగింది. "అక్కా, మీరు అప్పట్లో ఎలా ఏడ్చేవారు? గట్టిగానా, లోపల్లోపలేనా?"

"ఏడవలేదమ్మా."

"అస్సలా?"

"తీరికేదీ? కళ్లు ఎర్రగా ఉండేవనుకో. అది సోడా ఆవిరికి."

అమ్మాయి నవ్వేసింది. "ఈ మాట డైరెక్టరుగారితో అనకండి. నా కన్నీళ్ల సీన్లు ఎనిమిదున్నాయి, అన్నీ ఎగిరిపోతాయి."

అయిదో రోజు బడి సీను. కూతురు కాలేజీ నుంచి వచ్చి, పుస్తకాల సంచి భుజాన ఉండగానే గుమ్మం పక్కన నిలబడి చూసింది. సినిమాలో తల్లి, ఏడేళ్ల పిల్ల చేతిలోంచి సంచి లాక్కుంది. "ఆడపిల్లవి, నీకెందుకే చదువు? ఇంట్లో పని ఎవరు చేస్తారే?" అని అరిచింది. సినిమాలో తండ్రి పరుగెత్తుకొచ్చి పిల్లను గుండెలకు హత్తుకున్నాడు. వానలో, వీధిలో నిలబెట్టిన ఉత్తుత్తి బడి గేటు దగ్గరికి వెళ్లి, దాన్ని పట్టుకుని, నా బిడ్డను చదవనివ్వండి అని వేడుకున్నాడు. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆమె భర్త మానిటరు పక్కన కుర్చీలో కూర్చుని, అందరికంటే ఎక్కువగా తుడుచుకున్నాడు.

కూతురు వంటింట్లోకి వచ్చింది. తల్లి కడిగిన గ్లాసులు ఒక్కొక్కటే తుడిచి పెడుతూ, మెల్లగా అంది.

"అమ్మా, నేనేమీ అనుకోవట్లేదు."

"దేని గురించే?"

"నన్ను బడి మాన్పించావుగా, దాని గురించి. అప్పటి మన పరిస్థితి అలాంటిది. నాకు తెలుసు."

ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"నేను మాన్పించానా?"

"నువ్వేగా అన్నావు, నాకు ఇంట్లో తోడు కావాలి, కొన్నాళ్లు బడికి వద్దు అని. నాకు గుర్తుంది. అయినా ఎప్పుడో మర్చిపోయాను లేమ్మా, వదిలేయ్."

చేయని తప్పుకు నింద పడటం ఆమెకు కొత్త కాదు. పెళ్లయిన నాటి నుంచి అలవాటే. కానీ చేయని తప్పుకు మన్నింపు దొరకడం ఆ రోజే మొదటిసారి. పదేళ్లుగా ఈ పిల్ల, తన చదువుకు అడ్డుపడిన తల్లి అని మనసులో అనుకుంటూనే తన చేతి ముద్ద తింది, తన పక్కన పడుకుంది, పైగా పెద్ద మనసుతో మన్నించింది. నింద అయితే ఎదురు తిరగవచ్చు. ఈ మన్నింపును ఏం చేయాలి?

ఎందుకంటే ఆ మాట ఆమె అన్నదే. నిజంగా అన్నదే.

వర్క్‌షాపు మూతపడిన మూడో నెలలో అతను ఒకరోజు, ఆమె లాండ్రీలో ఉండగా, పిల్ల సంచీ పుస్తకాలూ పాత కాగితాలవాడికి వేసేశాడు. "రెండో తరగతి చదివి ఊడబొడిచేదేముంది? నీతోపాటు తీసుకుపో, దుప్పట్లు మడతపెడుతుంది," అన్నాడు. అత్తగారు అప్పుడు బతికే ఉన్నారు. "వాడసలే పని పోయి కుమిలిపోతున్నాడు. వాడి ముందు గిన్నెల చప్పుడు కూడా చేయకు. మొగుణ్ణి పిల్ల దగ్గర చులకన చేశావంటే ఇక వాడు మనిషి కాడు," అన్నారు. పిల్ల మంచం పక్కన నిలబడి, నా సంచీ ఏదమ్మా అని అడిగింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిల్ల తండ్రి వీపు వైపు చూసింది. ఆ చూపు ఆమె భరించలేకపోయింది. నేనే తీశాను, నాకు తోడు కావాలి, కొన్నాళ్లు వద్దు అంది. అతని పరువు కోసం ఆమె ఇంట్లో దాచినవాటిలో అదొకటి. చిరుగు మడత లోపలికి పోయింది.

మర్నాడు పాత కాగితాల గోదాములో గుట్ట మీదకెక్కి, మోకాళ్ల మీద కూర్చుని, పొద్దంతా వెతికింది. లెక్కల పుస్తకం అట్ట ఊడిపోయి దొరికింది. మిగతావీ దొరికాయి. సంచీ దొరకలేదు, దిండు గలీబు కత్తిరించి కుట్టింది. బడి పెద్ద టీచరమ్మతో మాట్లాడుకుంది. ఫీజుకు బదులు బడి తెరలూ హాస్టలు పక్కబట్టలూ ఆదివారాలు ఉతికిపెడతానంది. రెండేళ్లు ఉతికింది. ఇరవై రెండు రోజులకు పిల్ల బడికి వెళ్లింది. నాన్న మాట్లాడి చేర్పించారు అని పిల్లతో చెప్పింది కూడా ఆమే. అతను ఆ రెండేళ్లలో ఒక్కసారి బడికి వెళ్లలేదు. గేటు ఏ వీధి వైపు ఉంటుందో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం షూటింగువాళ్లు వెళ్లాక భర్తను అడిగింది. అతను నొచ్చుకున్నట్టు చూశాడు.

"సినిమా కదే, కాస్త అటూ ఇటూ ఉంటుంది. అయినా నేనేం కల్పించాను? దానికలా చెప్పింది నువ్వే కదా?"

"ఎందుకు చెప్పానో మీకు తెలుసు."

"పదేళ్ల నాటి మాట ఇప్పుడు తవ్వడమెందుకు? నలుగురిలో నాకు కాస్త పేరొస్తుంటే నీకు సంతోషం లేదు."

అతను అబద్ధమాడుతున్నట్టు కూడా లేడు. ఆమె ఇచ్చిన దుప్పటి కప్పుకుని పదేళ్లు పడుకుంటే, అది తన ఒంటి చర్మమే అనిపించింది అతనికి.

ఆరో రోజు డైరెక్టరు స్వయంగా వంటింట్లోకి వచ్చాడు.

"అమ్మా, చిన్న సాయం. మేడమ్ చేతులు మరీ మెత్తగా ఉన్నాయి. రంగు వేశాం, కెమెరా దగ్గరికెళ్తే తెలిసిపోతోంది. మీ చేతులు ఒక్కసారి చూపించండి... చూశారా! ఎంత బాగున్నాయో!"

సోడాకు పగిలి, గోళ్లు అరిగి, వేళ్ల సందుల్లో తెల్లబారిన ఆ చేతులను ఒకరు బాగున్నాయనడం ఆమె జీవితంలో అదే మొదలు.

"ముఖం పడదులెండి. చేతులు మాత్రమే."

పొయ్యి ముందు కూర్చోబెట్టారు. దీపాలు దగ్గరగా జరిపారు. నటి వేసుకున్న గాజుల్లాంటివే ఆమె చేతికీ తొడిగారు. భర్త మానిటరు పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మంలో కూతురు. గాజులు తొడిగిన ఆ చేతిలో ఒక పిల్లల లెక్కల పుస్తకం పెట్టారు. పేజీల్లో గుండ్రటి అంకెలు కూడా ఎవరో ముచ్చటగా రాసి ఉంచారు.

"నేను యాక్షన్ అన్నాక దాన్ని మంటలో పెట్టేయండి. మెల్లగా. చేయి కొంచెం వణికితే బాగుంటుంది."

"ఏ మంటలో?"

"అదే, తల్లి పుస్తకాలు కాల్చేస్తుంది కదమ్మా."

"ఎవరు చెప్పారు?"

డైరెక్టరు ఆమె భర్త వైపు చూశాడు. భర్త నేల వైపు చూశాడు.

"కాల్చడం... అది మేం రాసుకున్నాం. కానీ మాన్పించింది నిజమే కదా?"

"సహజంగా ఉండాలన్నారు మీరు. అందుకని చెబుతున్నాను. నా కూతురి పుస్తకాలు ఈ చేతులు చెత్తగుట్టలోంచి ఏరుకొచ్చాయి. అమ్మినవి వేరే చేతులు. కావాలంటే అవి ఆ కుర్చీలో ఉన్నాయి, వాటిని పిలిచి తీసుకోండి."

టీ గ్లాసుల ట్రే పట్టుకున్నతను ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు.

"అబ్బ, అందరి ముందూ ఏంటే ఇది," అన్నాడు భర్త.

డైరెక్టరు మాత్రం తేరుకున్నాడు. అతని కళ్లల్లో వెలుగు వచ్చింది. ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా... ఇది అసలు కథ! ఇంతవరకు ఎందుకు చెప్పలేదు? మొత్తం మార్చి రాసేద్దాం. చెప్పండి, మొదటి నుంచి చెప్పండి. ఒరేయ్, ఆ ఫోను ఇలా ఇవ్వరా, రికార్డు పెట్టు!"

ఆమె అతని వైపు చూసింది. పాపం, నిజంగానే ఉత్సాహపడుతున్నాడు. ఇప్పుడు చెబితే ఆ గోదాములో కూడా వాన కురిపిస్తాడు. పుస్తకం దొరికిన చోట ఆ నటించే అమ్మాయిని ఏడిపిస్తాడు. తొమ్మిదో కన్నీటి సీను.

గాజులు తీసి అతని చేతిలో పెట్టింది. పుస్తకం కూడా.

"ఈ మాట మీకు చెప్పవలసింది కాదు బాబూ. ఎవరికి చెప్పాలో వాళ్లకు పదేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను. మీరంతా బయటికి నడవండి, తలుపు వేసుకోవాలి."

"అగ్రిమెంటు ఉందమ్మా, ఇంకా రెండ్రోజులు..."

"దాని మీద సంతకం ఆయనది. ఈ ఇంటి అద్దె కాగితం నా పేరున ఉంది."

దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. తీగలు చుట్టుకున్నారు. అందరితోపాటు లేచి, చెప్పుల కోసం చూస్తున్న భర్తను ఆమె పిలిచింది.

"మీరెక్కడికి? కూర్చోండి."

తలుపు వేసింది. కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మలూ, ముందు నేనాడిన అబద్ధంతో మొదలుపెడతాను," అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "వింటూ ఉండండి. ఒక్క ముక్క తప్పు చెప్పినా, అక్కడే నన్ను ఆపండి."

చాలాసేపే చెప్పింది. అతను ఒక్కసారి కూడా ఆపలేదు.