పొలి చల్లిన రోజు

ఊళ్లోకి కలరా వస్తే నాకు రెండు పోరాటాలు. ఒకటి రోగంతో, రెండోది మా కాంపౌండరు అశ్వత్థనారాయణతో. పావగడ బజారులో కిరాణా అంగడి వాళ్ల బిడ్డ. కాఫీ లేనిదే కాలు కదపడు, కదిపినా సణుగుతూ కదుపుతాడు. అయినా ఉన్నమాట చెప్పాలి, రోగి కక్కిన గుడ్డ ఎత్తడానికి ఏనాడూ వెనకాడలేదు.

ఆ కరువు ఏడు నిడుగల్లు కొండ కింది పల్లెలో ఒక్క బావిలోనే నీళ్లు మిగిలాయి. ఆ నీళ్లే రోగాన్ని ఇంటింటికీ పంచాయి. డాక్టరుగారు ఇంకో ఊళ్లో చిక్కుకుపోయారు. బడినే ఆసుపత్రి చేసి నడిపింది మేం ముగ్గురమే: నర్సునైన నేను, కాంపౌండరు, జీపు డ్రైవరు కాటప్ప.

ఒక ఉదయం గంగక్క తన కోడలు ఓబక్కను వీపున మోసుకొచ్చి బడిలో పడుకోబెట్టింది. నేను సెలైను ఎక్కిస్తుండగా ఊరిపెద్ద దాసన్న వాకిట్లోకి వచ్చాడు.

"ఈ పొద్దు మారెమ్మకు పొలి చల్లుతాండాం సిస్టరమ్మా. రేపు పొద్దు పొడిసేదాకా ఎవురూ ఊరు దాటగూడదు, ఎవురూ రాగూడదు. ఏ ఇంట్లోనూ అగ్గి ముట్టియ్యగూడదు. అగ్గి సూస్తే పోయే అమ్మ మళ్లీ ఎనక్కి తిరుగుతాది."

పొలి అంటే రోగాల తల్లి మారెమ్మకు ఇచ్చిన బలి రక్తం కలిపిన అన్నం. దాన్ని ఊరి పొలిమేర చుట్టూ చల్లుతారు. నేను నోరు తెరిచేలోగా మా కాటప్ప జీపు తాళం తీసి దాసన్న చేతిలో పెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవుర్ని అడిగి ఇచ్చినావప్పా?"

"నా బిడ్డలు మంగళవాడలో ఉండారు సిస్టర్. నేను పొలి దాటితే అమ్మ నా ఎంట ఆడికొస్తాది."

ఉడికించిన సూదులు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక్క రోజే కదా అని ఊరుకున్నాను. ఊరి చుట్టూ పొలి పడింది, బాట మీద కంప పడింది. పొయ్యిలన్నీ ఆర్పేశారు, దీపం కూడా పెట్టకూడదన్నారు. మధ్యాహ్నానికి ఓబక్క కళ్లు తెరిచి మాట్లాడింది. గంగక్క ఆమె నుదురు తడిమి, గొర్రెలకు నీళ్లు పెట్టాలని ఇంటికి వెళ్లిపోయింది.

పొద్దు వాలుతుండగా కాటప్ప గోడకు ఆనుకొని జారిపోయాడు. పొద్దుటి నుంచీ విరేచనాలు అవుతూనే ఉన్నాయట, మాకు చెప్పలేదు. కళ్లు గుంటలు పడ్డాయి, నాడి చేతికి అందీ అందనట్లుంది. తాగించిన ఉప్పు చక్కెర నీళ్లన్నీ కక్కేశాడు. సెలైను సీసాలు ఉన్నాయి గాని సూదులన్నీ వాడేశాం. వాటిని ఉడకబెడితే తప్ప అతను తెల్లవారేదాకా బతకడు.

నేను సూదులు ఉడికించే కిరసనాయిలు స్టవ్వు ముందుకు లాగాను. కాటప్ప నా చీర చెరగు పట్టుకున్నాడు.

"ముట్టియ్యొద్దు సిస్టర్. ఊరు సచ్చిపోతాది."

"నోర్మూసుకొని పండుకో. ముందు నువ్వు సస్తావు."

పంపు కొడితే ఆ స్టవ్వు వీధి చివరికి వినిపించేలా బుసకొడుతుంది. అశ్వత్థనారాయణ నా వైపు చూశాడు, స్టవ్వు వైపు చూశాడు, గొంతెత్తి భజన అందుకున్నాడు. అంత ఘోరమైన పాట నేను ఎక్కడా వినలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఓబక్క గోడ పట్టుకొని లేచి, కిటికీ రెక్క మూసి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

బయటి నుంచి దాసన్న అడిగాడు. "ఏందప్పా లోపల ఆ సద్దు?"

"కాంపౌండరు అమ్మ పాట పాడతాండాడు మామా," అంది ఓబక్క.

నీళ్లు మరిగాయి. దొరకని నరాన్ని కాటప్ప మోచేతి దగ్గర కాంపౌండరు అదిమి పట్టుకుంటే నేను సూది దించాను. పాట మాత్రం ఆపలేదు, మహానుభావుడు. మరో సీసా కూడా ఎక్కాక కాటప్ప నీళ్లు అడిగాడు. ఆ మాటకు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకొని నేల మీద కూలబడ్డాం.

పొద్దు పొడిచాక దాసన్న కంప తీయించి, జీపు తాళం తెచ్చాడు. గంగక్క చనిపోయిందని కూడా చెప్పాడు. రోగం ముంచుకొచ్చినప్పుడు ఆమె దీపం లేని ఇంట్లో ఒంటరిగా ఉంది. ఎవరూ చూడలేదు.

దాసన్న వెళ్లాక ఓబక్క నా దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, అగ్గి ముట్టిచ్చినందుకు కాదు గదా?"

"కాదు తల్లీ. ఆమె గూడా ఆ బావి నీళ్లే తాగింది. నిన్ననే రోగం కడుపులో ఉన్నింది. దీపం ఉన్నింటే ఎవురన్నా సూసి ఈడికి తెచ్చేవాళ్లు."

అశ్వత్థనారాయణ కూడా అదే చెప్పాడు. ఓబక్క మా ఇద్దరినీ నమ్మలేదు. చదువుకున్నవాళ్లం, మాకు అమ్మంటే భయం లేదని ఆమెకు తెలుసు. కాటప్ప దగ్గరికి పోయి కూర్చుంది.

"నువ్వు చెప్పన్నా. కాదు గదా?"

నేను అతని వైపు కళ్లురిమి చూశాను. అబద్ధమనుకొనైనా సరే, ఒక్క మాట అంటే చాలు. కాటప్ప సూది గుచ్చిన చేతిని దుప్పటి కిందికి లాక్కొని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఓబక్క లేచి, కొంగు నెత్తిన వేసుకొని అత్త శవం ఉన్న ఇంటికి వెళ్లింది.