గొట్టం తీశాక మొదటి మాట

అన్నదమ్ములిద్దరూ దర్జీలే. పెళ్ళయ్యాక తమ్ముడు వీధికి అవతలి పక్క సొంత దుకాణం పెట్టుకున్నాడు. అన్న దగ్గర కుట్టించుకునేవాళ్ళు కొందరు రోడ్డు దాటారు. ఆనాటినుంచి అన్న అతనితో మాట్లాడలేదు. "నేను చచ్చినా వాడు నా గుమ్మం తొక్కకూడదు" అని పదిమందిలో అన్నాడు కూడా.

న్యుమోనియా ముదిరి అన్న ఆసుపత్రి పాలైనప్పుడు, గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టినప్పుడు, వదిన ఒక్కతే అయిపోయింది. సంగతి తెలిసి తమ్ముడు దుకాణం మూసి వచ్చేశాడు. మందులకు పరుగెత్తాడు, వరండా కుర్చీలోనే నడుం వాల్చాడు, మత్తులో ఉన్న అన్న పగిలిన పాదాలకు నూనె రాశాడు.

"నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో నాయనా" అని వదిన కళ్ళొత్తుకుంది.

ఒక ఉదయం డాక్టరమ్మ గొట్టం తీయించింది. ముక్కుకు మెత్తని చిన్న గొట్టాలు తగిలించి, వాటిగుండా వెచ్చని తడి ఆక్సిజన్ జోరుగా వదిలారు.

"అసలు గండం ఇప్పుడే," అందామె. "సొంతంగా ఊపిరి తీసుకోవడం ఆయనకి మళ్ళీ అలవాటవ్వాలి. ఆయాసం ఎక్కువైతే మళ్ళీ గొట్టం వేయాల్సొస్తుంది. ఇవి పీకేసుకోకుండా చూసుకోండి."

అన్న కళ్ళు తెరిచాడు. భార్యను చూసి తల ఊపాడు. పక్కకు తిరిగి తమ్ముణ్ణి చూశాడు. గొంతు ఒరుసుకుపోయి మాట పెగల్లేదు. వదిన వంగి చెవి ఒగ్గింది.

"ఏమంటున్నాడు వదినా?"

ఆమె దుప్పటి సర్దసాగింది. అన్నే మళ్ళీ అన్నాడు, బొంగురుగా: "వీణ్ణెవరు రానిచ్చారు?"

చెయ్యి ముక్కు మీదికి పోయింది. తమ్ముడు చటుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"తిట్టన్నయ్యా, నీ ఇష్టమొచ్చినంత తిట్టు. ఇది మాత్రం పీక్కోకు."

అన్న పెనుగులాడాడు. డొక్కలు ఎగిరిపడ్డాయి. మానిటర్ తెర మీద ఆక్సిజన్ అంకె జారింది, గంట మోగింది. నర్సు పరుగున వచ్చి గొట్టాలు సర్ది, ఆక్సిజన్ పెంచింది. అన్న చూపు తమ్ముడి మీదనుంచి కదల్లేదు.

"మీరు కాస్త బయటికెళ్తారా?" అంది నర్సు. "మిమ్మల్ని చూసే ఆయాసపడుతున్నారు."

"వెళ్ళు నాయనా," అంది వదిన, తలెత్తకుండా.

తలుపు అద్దంలోంచి చూశాడు. అన్న ఛాతీ నెమ్మదించింది. అంకె పైకి పాకింది. సంతోషించాల్సిందే. కానీ తాను చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరై, ఎదురుపడకపోవడమొక్కటే అన్నకు పనికొచ్చిన సేవ అయింది.

ఆ తర్వాత లోపలికి అడుగు పెట్టలేదు. మందులు, ఉతికిన బట్టలు నర్సు చేతికిచ్చి వరండాలో కూర్చునేవాడు. మళ్ళీ గొట్టం వేయాల్సిన అవసరం రాలేదు. ఆక్సిజన్ కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు.

ఒకరోజు వదిన కోసం ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్తే, అన్న మంచం మీద ఆయా దుప్పటి మారుస్తోంది. తమ్ముడు గాభరాగా నర్సు వైపు తిరిగాడు.

"పొద్దున్నే ఇంటికెళ్ళిపోయారండీ," అంది నర్సు. "తనే నడిచి వెళ్ళారు. మీకు చెప్పలేదా?"

"చెప్పారమ్మా. నేనే మర్చిపోయాను."

నర్సు జాలిగా చూసింది. అన్న మాటకన్నా ఆ చూపే ఎక్కువ గుచ్చుకుంది. ఫ్లాస్కు ఆమె చేతిలో పెట్టాడు.

"మీరే తాగండి. చల్లారిపోతుంది."