విమానం పోయేదాకా

పాల్మాకుల బడిలో లెక్కలు చెప్పే యేసుమణి టీచర్‌కు పరీక్ష అన్న మాట వింటేనే నీరసం. మొన్న ఒకటి అయింది, నిన్న ఒకటి అయింది, ఇవాళ ఇంకోటి పెట్టడానికి పై ఆఫీసు నుంచి ట్యాబ్ పట్టుకుని ప్రేమ్ రాజ్ అనే కుర్రాడు దిగాడు. మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి ఒక నోటిలెక్క అడుగుతాడు. గడువులోగా చెప్పలేనివాళ్లు వెనక వరుసలో, ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని మళ్లీ అంకెల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

పోయినసారి ఈ నోటిలెక్క తప్పినప్పటి నుంచి మహీన్ అనే పిల్ల ఆ వరుసలోనే ఉంది. పూసల దండ మీద పదులు జరిపి జరిపి, చివరికి దండ లేకుండానే కూడటం నేర్చుకుంది. ఇవాళ గట్టెక్కితే ముందు వరుసకు వస్తుంది. యేసుమణికి ఈ ఏటికి మిగిలిన సంతోషం అదొక్కటే.

"ఇరవై ఏడు, పదిహేను కలిపితే ఎంత?" అన్నాడు ప్రేమ్ రాజ్.

మహీన్ నోరు తెరిచింది. అంతలో పైన విమానం మోత మొదలైంది. మహీన్ నోరు మూసుకుని బుద్ధిగా పైకప్పు వంక చూసింది. విమానం వస్తే మాట ఆపాలి, పోయాక అందుకోవాలి. పిల్లలకు ఆ అలవాటు చేసింది యేసుమణే, రోజూ గొంతు చించుకోలేక. చెప్పెయ్యవే తల్లీ అని ఆమె ప్రాణం కొట్టుకుంది. కానీ పరీక్షలో టీచర్ పెదవి కదపకూడదట, అదొక రూలు.

ట్యాబ్ గంట కొట్టింది. మోత తగ్గింది.

"నలభై రెండు" అని తీరిగ్గా చెప్పి, మహీన్ గెంతుకుంటూ బయటికి పోయింది.

"టైమ్ అయిపోయింది మేడం. ఇది తీసుకోదు."

"విమానమొచ్చింది గద సార్. ఆగుమని నేనే నేర్పిన. పిల్ల ఏం జేస్తది? ఇంకోపారి అడుగుండ్రి."

"నాకూ అర్థమైంది మేడం. కానీ వెనక్కి పోదిది. మళ్లీ ఎండాకాలం పరీక్షకే."

ఎయిర్‌పోర్టు పక్కన బడి ఉంటుందని ఆ ట్యాబ్‌కు ఎవరు చెప్పారు గనక! యేసుమణికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

అన్నాల వేళకు మహీన్ వచ్చి పూసల దండ ఆమె చేతిలో పెట్టింది.

"ఇది ఇగ చిన్న పిల్లలకియ్యండి టీచర్. మీరు చెప్పినట్లే విమానం పోయేదాంక ఆగి చెప్పిన. మంచిగ చెప్పిన గద? రేపటి సంది ముందట కూసుంట గద?"

యేసుమణి నోరు విప్పేలోగా ఇంకో విమానం వచ్చింది. ఎన్నడూ లేనిది, అది వచ్చినందుకు ఆమెకు ప్రాణం కుదుటపడింది. ఇద్దరూ అలవాటుగా ఆగారు.

మోత తగ్గింది. పూర్తిగా పోయింది. మహీన్ ఇంకా ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడి ఉంది.