వరస కలపని వీధి

కొబ్బరాకు నడిమి ఈనెను కత్తి అంచున ఆనించి లాగుతోంది బంగారమ్మ. పచ్చటి ఆకు పీలికలుగా ఊడి కాళ్ళ దగ్గర పడుతోంది. మనిషి సన్నం, పొట్టి. బొటనవేలి నిండా పాత గీతలు. రెండు బుగ్గల మీదా గుండ్రంగా గంధం పూత. ఆ పూత రంగూన్ అలవాటు. రంగూన్‌ని ఆ వైపు జనం రంగం అంటారు కాబట్టి ఆవిడ వీధికంతటికీ రంగం ఆవిడ. బంగారమ్మ అని ఒక పేరుందన్న సంగతి ఓట్ల రోజున పేరు పిలిచినప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు.

అల్లవరం దగ్గరున్న ఆ ఊరు ఆవిడ తాత పుట్టిన ఊరే. ఆయన బియ్యం మిల్లులో పనికని ఓడెక్కి రంగం వెళ్ళిపోయాడు. అక్కడ ప్రభుత్వం మారి, బయటివాళ్ళకి బతుకు గడవకుండా పోయినప్పుడు, అప్పటికే మొగుడు పోయిన బంగారమ్మ చంకలో పిల్లతో ఓడ దిగింది. అక్కడున్నన్నాళ్ళూ, కోరంగి రేవు నుంచి ఓడెక్కొచ్చిన వాళ్ళందరినీ అన్నట్టే, ఆవిణ్ణి కోరంగి మనిషి అన్నారు. ఇక్కడికొస్తే రంగం మనిషి అన్నారు. వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తోంది. రేషన్ కార్డు ఉంది, వేలికి సిరా పెట్టించుకుని ఓటూ వేస్తోంది. ప్రభుత్వం లెక్కలో ఈ దేశం మనిషే. తేల్చుకోలేనిది ఆ వీధి ఒక్కటే.

ఆ వీధిలో వరస లేని మనిషి ఉండరు. పాలు పోసే ఆవిడ పిన్ని, సైకిళ్ళు బాగుచేసే సత్తిరాజు బావగారు. చుట్టరికం ఉందా లేదా అని ఎవరూ అడగరు, పిలిచేస్తారు. బంగారమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం నోళ్ళు ఆగిపోతాయి. కూతురు తులసికి పెళ్ళయి రాయవరం వెళ్ళగానే అత్తారి వీధిలో ఆ పిల్లకి వరసలన్నీ ఒక్కసారే దొరికాయి, వదినగారట, పిన్నిగారట. తల్లి సంతోషించింది, కాస్త కుళ్ళుకుంది కూడా. ఎవరైనా ఒక్కసారి వరస పెట్టి పిలిస్తే చాలు, ఆవిడకి అంతకు మించి కోరిక లేదు.

"రంగం ఆవిడా, చీపురు అయ్యిందా అండీ?" పక్కింటి అచ్చయమ్మ దడి మీంచి అడిగింది.

"అయిపోవచ్చిందండి అచ్చయమ్మగారూ. కట్టు కట్టాలంతే."

"సాయంత్రం బడి దగ్గర నాటకమంట. మనల్నే వేషాలెయ్యమంటున్నారంట. వస్తారా మరి?"

"ఆయ్."

కాకినాడ నుంచి వచ్చిన ఆ నాటక బృందానికి పెద్ద సోమేశ్వరరావు అనే గడ్డపాయన. తెర లేదు, రంగులు లేవు. బడి ముందు సాయంత్రపు ఎండలోనే ముగ్గుతో పెద్ద గీత గీశాడు. గీత లోపలివాళ్ళు ఊరివాళ్ళు, బయట నిలబడ్డది పిల్లలతో వలస వచ్చిన తల్లి. ఊరివాళ్ళు ఆమెను ప్రశ్నలడగాలి, ఆమె జవాబులు చెప్పుకుని లోపలికి రావాలి. చూసేవాళ్ళకి ఏదైనా నచ్చకపోతే లేచి వచ్చి ఆ పాత్ర తీసుకోవచ్చు.

వలస తల్లిగా బంగారమ్మనే నిలబెడతారని అందరూ అనుకున్నారు. ఆయన తిరగేశాడు. అచ్చయమ్మ చేతికి బట్టల మూట ఇచ్చి బయట నిలబెట్టాడు. బంగారమ్మను లోపల పీట మీద కూర్చోబెట్టాడు. ఊరి పెద్దావిడ వేషం ఆవిడదే. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎందుకొచ్చావు అని అడగాలని ముందే నేర్పాడు.

జనం నవ్వుతున్నారు. అచ్చయమ్మ కూడా మొదట నవ్వింది. గీత దగ్గరికొచ్చేసరికి ఎందుకో మూటని గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, లోపలికి రమ్మంటారా అండీ?"

బంగారమ్మ పీట మీంచి లేచిపోయింది. నేర్పిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు.

"రా వదినా, ఎండనపడి వచ్చేవు. కాళ్ళు కడుక్కో."

అంతే, నాటకం అయిపోయింది. సోమేశ్వరరావు తల గోక్కున్నాడు. "అప్పుడే రానిచ్చేస్తే ఎలాగండీ? ఇంకా గొడవే మొదలవలేదు."

"మరి ఎండలో ఉంది కదండీ," అంది బంగారమ్మ. జనం ఈలలేశారు. అచ్చయమ్మ మాత్రం గీతకి అవతలే ఉండిపోయింది.

ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు. ఇళ్ళలో దీపాలు పెట్టేశారు.

"పొద్దు పోయేక చీపురు చేతులు మారకూడదండి. రేపు పొద్దున్న పట్టుకెళ్దురుగాని," అంది బంగారమ్మ.

అచ్చయమ్మ గుమ్మం ముందు ఒక క్షణం ఆగింది. నాలిక చివర ఏదో మెదిలింది, సిగ్గేసింది. "వస్తానండీ," అని లోపలికి వెళ్ళిపోయింది.

పొద్దున్న చీపురు కోసం వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. చాప మీద బంగారమ్మ పక్కకి తిరిగి పడుకుని ఉంది. బుగ్గ మీద గంధం ఎండి పగిలింది. నిద్రలోనే పోయింది.

తులసి కోసం రాయవరం మనిషిని పంపించారు. ఆడవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. పోయిన మనిషి మీద పడి ఏడవాలంటే అక్కడ వరస కావాలి. ఓ అత్తా అనో, ఓ అక్కా అనో పిలవనిదే ఏడుపు మొదలవదు. రంగం ఆవిడా అని ఎలా ఏడుస్తారు? అందరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అన్యాయంగా ఉంది.

అచ్చయమ్మ చాప పక్కన కూలబడింది.

"వదినా," అంది. తర్వాత గొంతెత్తి, "ఓ వదినా, నన్ను లోపలికి రమ్మన్నావు కదే," అని ఏడ్చింది.

ఆ తర్వాత అందరికీ వరసలు దొరికాయి. అత్త అన్నవాళ్ళూ, అక్క అన్నవాళ్ళూ, ఇల్లంతా ఏడుపే.

గుమ్మం పక్కన గోడకి ఆనించి కొత్త చీపురు ఉంది, కట్టు బిగించి ఉంది, మిగిలిన తాడు కొస ఇంకా కోయలేదు.